మా కోడలి సమ్మె, మా ఇంటి రక్తం

మా కోడలి రెండు చేతుల్లోనూ సూది గుచ్చని చోటు లేదు. జగిత్యాలలో, కరీంనగర్‌లో, హైదరాబాదులో ల్యాబుల వాళ్ళు ఆమె రక్తంతో బిందెలు నింపుకున్నారు. సరే, బిందెలు కావు, చిన్న చిన్న సీసాలు. కోపంతో రాస్తుంటే సీసా నా చేతిలో బిందె అవుతుంది. అది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. చదివేవాళ్ళు కొంచెం తగ్గించి చదువుకోండి. మరీ ఎక్కువైన చోట నేనే ఒప్పుకుంటాను.

ఒక్క సంగతి మాత్రం తగ్గించకండి. పెళ్ళయిన నాటి నుంచి ఆ అమ్మాయి రక్తం తీయని నెల లేదు. మా కొడుకు రక్తం మాత్రం పిల్లల సంగతి తేల్చడానికని అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ తీయలేదు. హైదరాబాదులో ఒకసారి వాడి వీర్యం చూసి, కౌంటు బాగుందని చెప్పి వదిలేశారు. ఆ మాటతో మావాళ్ళకు ఇంకా ధీమా పెరిగింది. ఎందుకంటే మావాడు గల్ఫ్ మెడికల్ పాసైనవాడు.

ఇది తెలియని వాళ్ళకు చెప్పాలి. మా సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు మగవాడి ఒంటికి అంతకు మించిన ముద్ర లేదు. గల్ఫ్ పోయేముందు ఛాతీ ఎక్స్‌రే తీసి, రక్తం చూసి, క్షయ లేదు, కామెర్లు లేవు, పైకి చెప్పుకోలేని రోగాలు లేవు అని తేల్చి ‘ఫిట్’ అంటారు. అన్‌ఫిట్ అయినవాడు నాలుగు రోజులు వీధిలోకి రాడు. ఫిట్ అయినవాడి ఇంటికి సంబంధాలు వస్తాయి. ఎండలో నిలబడి ఇనుము మోయడానికి పనికొస్తాడా లేదా అని అరబ్బు దేశం చూసుకున్న చూపు అది. ఆ చూపును మనవాళ్ళు తండ్రి కావడానికి కూడా పూచీ అని నమ్మారు. నమ్మినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. మావాడు మొదటిసారి ఫిట్ అయినప్పుడు ఆ కాగితానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన వేలాడదీశాను. లేదు, అబద్ధం. కట్టిస్తానని సాంచాల దగ్గర పదిమందికి చెప్పుకున్నాను, అంతే. ఇంట్లో నా భార్య, మా ముసలామె, ఒప్పుకోలేదు.

“దేవుని పటాల పక్కకు గా కాయితం పెడితివా, రేపటి సంది దీపం నువ్వే ముట్టిచ్చుకో” అంది.

సాంచాలంటే మరమగ్గాలు. నా బతుకంతా సిరిసిల్లలో వాటి చప్పుడులోనే గడిచింది. కొడుకు ఒక్కడే. వాడు సాంచాల మీద నిలబడనని గల్ఫ్ పోయాడు. కోడలు ఇంట్లోనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. చురుకైన పిల్ల. మాట్లాడితే ఎదుటివాడికి వెంటనే జవాబు దొరకదు.

ఆమెకు నెల తప్పడం కష్టం కాలేదు. నిలవడమే కష్టమైంది. మావాడు సెలవు మీద వచ్చేవాడు, పోయేవాడు. వాడు పోయిన కొన్నాళ్ళకు మూడో నెల నిండకుండానే జారిపోయేది. మొదటిసారి అందరం ఓదార్చాం. రెండోసారి సగం మందిమి ఓదార్చాం. ఆ తర్వాత ఓదార్పు పోయి విచారణ మొదలైంది. బరువు ఎత్తిందా? గడప మీద కూర్చుందా? బొప్పాయి తిన్నదా? ఇన్ని అడిగిన తర్వాత అందరూ కలిసి బీడీల చాట మీద పడ్డారు. తంబాకు వాసనకే కడుపు నిలవడం లేదని తేల్చారు. తంబాకు మంచిదని నేననను. జగిత్యాల డాక్టరమ్మ మానుకోమంది, ఆమె మానుకుంది కూడా. మానుకున్న తర్వాత కూడా జారిపోయింది. అప్పుడైనా మేము చాటను వదిలి ఇంకోవైపు చూడాలి కదా. చూడలేదు. ఆమె జాతకం చూశాం.

తర్వాత హైదరాబాదులో టెస్ట్‌ట్యూబ్ సెంటర్. గోడల నిండా నవ్వే పిల్లల ఫొటోలు. అవి చూస్తూ కూర్చున్న ఆడవాళ్ళలో నవ్వేది ఒక్కరూ లేరు. పిండాలు బాగా తయారయ్యాయి, మొదటి రకం అన్నారు. మొదటిసారి పెట్టినవి నిలవలేదు. రెండోసారి నిలిచింది, మేము సంతోషం పట్టలేక పదిమందికి చెప్పుకున్నాం, అది కూడా పోయింది. “గర్భసంచి పట్టుకోవడం లేదు” అన్నాడు అక్కడి డాక్టరు, కంప్యూటర్ మీది నుంచి కళ్ళు తీయకుండా. నేను లేచి ఆయన కాలర్ పట్టుకున్నాను. ‘పిండంలో ఏముందో చూడకుండా సంచిని తిడతావా’ అని నిలదీశాను. నిజం చెప్పనా? “సరే సార్, నమస్తే సార్” అని చెప్పుల కోసం వెతుక్కున్నాను. కాలర్ పట్టుకున్నది బస్సులో, సిద్దిపేట దాటిన తర్వాత, మనసులో.

ఆ మాట కోరుట్ల చేరింది. కోరుట్లలో మా అక్క ఉంటుంది. మా అవ్వ, అంటే మా అమ్మ, చనిపోయిన తర్వాత మా ఇంటి పెత్తనం ఆమెదే. తాను ఉండేది అక్కడ, ఆజ్ఞలు ఇక్కడ. మావాడు మళ్ళీ సెలవు మీద వచ్చిన వారానికే ఫోన్ చేసింది.

“తమ్మీ, డాక్టరే జెప్పిండట గద, సంచి పట్టుకుంటలేదని. ఇంకెన్నేండ్లు సూస్తవ్? ఒక్క కొడుకు. నేనొక పిల్లను సూసిన. మంచి పిల్ల, తండ్రి మంచోడు. పిలగాడు మల్ల ఇమానం ఎక్కకముందే పెద్దమనుషులను కూసోబెడుదాం. నీ కోడలును మర్యాదగ పుట్టింటికి తోలుదాం.”

“మర్యాదగ ఎట్ల తోలుతరక్కా?” అన్నాను.

“చీర బెట్టి తోలుతరు. నీకు గది గూడ నేనే జెప్పాల్నా?”

నేను ఆ రోజు అక్కను దులిపేశానని ఇంట్లో చెప్పాను. దులపలేదు. “సూద్దాం తియ్యక్కా” అన్నాను. మా ఇళ్ళలో ఎన్ని అన్యాయాలు ఈ ఒక్క మాట మీద ఎక్కి ఊరేగాయో! అక్క ఆ ‘సూద్దాం’ను ‘సరే’ కింద కట్టేసి, పెద్దమనుషులు కూర్చునే రోజు కూడా పెట్టేసింది. అదంతా మా కోడలు వంటింట్లో నుంచి వింటూనే ఉంది.

ఆ రోజుల్లోనే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బళ్ళకు తాళాలు. బొగ్గు బావులు ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు, సాంచాలు నోరు మూసుకున్నాయి. ఊరంతా రోడ్డు మీదే. ఆడవాళ్ళు నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడేవాళ్ళు, మగవాళ్ళు పొయ్యి వెలిగించి వంటలు చేసేవాళ్ళు. ఆ వయసులో నేను కూడా అన్ని రాస్తారోకోలకూ ముందు వరసలో ఉన్నాను. ముందు వరసలో అంటే, నీడ ఉన్న వైపు.

జగిత్యాల డాక్టరమ్మ అంతకు ముందే ఒక మాట చెప్పి ఉంది. ఇన్నిసార్లు పోయిందంటే భార్యాభర్తలిద్దరి క్రోమోజోములు చూడాలి, ఇద్దరి రక్తమూ ఇవ్వండి అంది. క్రోమోజోములంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణాలన్నీ మోసుకొచ్చే పోగులని, ఒంట్లో ప్రతి కణంలోనూ జతలు జతలుగా ఉంటాయని నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా. ఇద్దరిదీ అని ఆమె అంత స్పష్టంగా చెబితే మేము ఏం చేశాం? అలవాటు చొప్పున కోడలి చెయ్యి చాపించాం. మావాడు బయట చాయ్ తాగుతున్నాడు. కోడలి పరీక్షలో ఏ తేడా లేదని తేలింది. “మరి అతనిది?” అని డాక్టరమ్మ అడిగితే, ఆ రోజు మా వెంట వచ్చిన అక్క నవ్వింది. “వానికేమైతది డాక్టరమ్మా, మెడికల్ పాసైండు” అంది. నేను కూడా తల ఊపాను.

సమ్మె మొదలైన వారం పది రోజులకు, మా ముసలామె హైదరాబాదు సెంటర్ వాళ్ళు రాసిన మాత్రలు కోడలి చేతిలో పెట్టింది. కోడలు వాటిని తిరిగి అత్త చేతిలోనే పెట్టింది.

“నేను మింగ.”

“ఎందుకు బిడ్డా?”

“సమ్మె అత్తా. బస్సులోల్లు జేస్తున్నరు, పంతుళ్ళు జేస్తున్నరు, బొగ్గుబాయోల్లు జేస్తున్నరు. నేను జేస్తే ఏమైతది?”

నాకు హుషారు పుట్టింది. “ఎవల మీద బిడ్డా సమ్మె?” అన్నాను.

“గీ ఇంటి మీదనే.”

“మరి డిమాండ్లేంది?”

“ఒక్కటే మామా. ఆయన రక్తం ఇయ్యాలె. గప్పటిదాంక గోలి మింగ, సూది ఏసుకోను, ఏ గుడి సుట్టూ తిరుగ. వంట జేస్త, బట్టలుతుకుత. కడుపు కోసమని మాత్రం ఒక్క పని జెయ్య.”

మంచం మీద పడుకున్న మావాడు లేచి కూర్చున్నాడు. “ఏందే నీ లొల్లి? నేను ఫిట్ గాదా?”

“అరబ్బు సేటుకు ఫిట్. నాకు ఫిట్టో కాదో నేను సూసుకోవద్దా?”

వాడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. మా ముసలామె మాత్రల డబ్బాను బియ్యం గిన్నె వెనక పెట్టింది. నన్ను అడిగితే ఆ రోజు తెలంగాణ మొత్తంలో నెగ్గాల్సిన సమ్మె అదే. కానీ ఆ మాట అప్పుడు అనలేదు. మనిషి మంచిమాట అనాల్సిన గంటకు నోరు ఎండిపోతుంది, పనికిరాని మాటకు మాత్రం తడి ఎక్కడి నుంచి వస్తుందో!

వాణ్ణి ఒప్పించే పని నాకే పడింది. బుజ్జగిస్తే వినే రకం కాదు, నా కొడుకు. అందుకని గొప్పలకు దిగాను.

“నీ ఒక్కని రక్తమేందిరా, నాది గూడ ఇస్త. నా రక్తం సూసి డాక్టరమ్మ దండం బెట్టాలె. దొంతులకు దొంతులు నూలు మోసిన ఒళ్ళు ఇది. మన దిక్కు ఏ తేడా లేదని తేలిపోతది. ఉంటే గింటే మీ అవ్వ దిక్కు ఉండాలె. ఆమెది గూడ తీపిద్దాం.”

వంటింట్లో నుంచి ముసలామె అరిచింది. “నాదెందుకుంటదయ్యా? మా అన్నదమ్ములకు ఇంటినిండ పిల్లలు. తేలితే నీ దిక్కే తేలుతది. పందెం గట్టు!”

“కట్టిన. ఓడినోల్లు నెల దినాలు గిన్నెలు తోమాలె.”

కోడలు ఆ మాటకు నవ్వింది. మావాడికి కూడా ముసలివాళ్ళ ముందు వెనక్కి తగ్గడం నామోషీ అయింది. మరునాడు మేము ముగ్గురం జీపు మాట్లాడుకుని జగిత్యాల పోయాం.

డాక్టరమ్మ మా పందెం విని కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. “మామూలుగా ముందు అబ్బాయిది చూసి, ఏదైనా తేలితేనే మీది అడుగుతాను. కానీ ఈ సమ్మెలో మళ్ళీ బండి ఎప్పుడు దొరుకుతుందో. ముగ్గురివీ ఒకేసారి పంపుదాం” అంది. ఆకుపచ్చ మూతల సీసాల్లో మా ముగ్గురి రక్తం తీసి ఒక డబ్బాలో సర్దారు. ఈ రక్తం ఐసులో పెట్టకూడదట. అందులోని కణాలు బతికి ఉండగానే హైదరాబాదు ల్యాబుకు చేరాలి, అక్కడ వాటిని పెంచి, విడదీసి చూస్తారు. కొరియర్ వాళ్ళు సమ్మెలో ఉన్నారు. మేమే తీసుకుపోతామని అన్నాను. ముసలామెను సిరిసిల్లలో దింపి, నేనూ మావాడూ అదే జీపులో బయలుదేరాం.

పెద్ద రోడ్డు మీద ఆపుతారని ముస్తాబాద్ మీదుగా అడ్డదారి పట్టాం. అక్కడా ఆపారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, రాళ్ళ వెనక పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజుల్లో కిచిడీ. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ నేను పోలీసుల లాఠీలను, బాష్పవాయువును తెచ్చి పెడుతుంటాను. సీసాలను రొమ్ముకు హత్తుకుని పొగలో పరుగెత్తాను అంటాను. పోలీసులు లేరు. ఉన్న ఒక్క జవాను కిచిడీ తింటున్నాడు.

చేతిలో గరిటెతో ఒకాయన జీపు దగ్గరికి వచ్చాడు. “పెద్దయ్యా, ఇయ్యాల బండ్లు నడువయ్. ఎనుకకు మర్లుండ్రి.”

“రక్తం తీస్కపోతున్నం బిడ్డా. పానం మీదున్నది.”

“ఎవలకు?”

“నా కోడలుకు” అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట! డబ్బాలో ఉన్నవి మా ముగ్గురివి. ఆమెది కానే కాదు. అయినా నోరు తెరవగానే ఆమె మాటే దొర్లింది. అన్నేళ్ళుగా మా ఇంటి నోటికి అదే అలవాటు. నా పక్కనున్న మావాడు నా వైపు తిరిగాడు.

“బాపూ, గీ డబ్బల ఆమెది సుక్క గూడ లేదు.” తర్వాత గరిటె పట్టుకున్నాయన వైపు తిరిగాడు. “నాదన్నా. మాకు పిల్లలు నిలుస్తలేరు. తేడా నాల ఉన్నదేమో సూపిచ్చుకుందామని పోతున్న.”

ఎడారిలో సేటు ముందు కూడా అంత మెల్లగా మాట్లాడి ఉండడు వాడు. పొయ్యి దగ్గర గంజు కలుపుతున్న ఒక నడివయసు ఆమె లేచి వచ్చింది.

“మంచిగ జేస్తున్నవ్ కొడుకా. మా ఆయన ఒక్కనాడు గూడ పోలే. నన్నే తిప్పిండు, దవాఖాన్లన్నీ” అని, వెనక్కి తిరిగి కేకేసింది. “ఏయ్, రాళ్ళు జరుపుండ్రి! పిలగాడు పోవాలె!”

రాళ్ళు జరిపారు. ఆకుల్లో కిచిడీ కూడా పెట్టారు. మావాడు తింటూ తింటూ మొహం అవతలికి తిప్పుకున్నాడు. నేను చూడనట్టు ఇంకొంచెం కిచిడీ అడిగాను. అలా రక్తం ల్యాబు చేరింది.

రిపోర్టులు వచ్చాయని కబురొచ్చేసరికి బస్సులు మళ్ళీ రోడ్డెక్కాయి. కోరుట్లలో అక్క పెట్టిన రోజు దగ్గరికొచ్చింది. నలుగురం జగిత్యాల పోయాం. డాక్టరమ్మ బల్ల మీద రెండు ఎర్ర పెన్నులు, రెండు నీలం పెన్నులు పెట్టింది.

“క్రోమోజోములు ఇలా జతలుగా ఉంటాయి. ఎర్ర జత, నీలం జత. బిడ్డకు తండ్రి ఒక ఎర్రది, ఒక నీలంది ఇస్తాడు.” ఒక ఎర్ర పెన్ను మూత తీసి నీలం పెన్నుకు పెట్టింది, ఆ నీలం మూతను ఎర్రదానికి. “మీ అబ్బాయిలో ఇలా రెండింటి ముక్కలు ఒకదానికొకటి మారాయి. ఏదీ పోలేదు, ఏదీ ఎక్కువ కాలేదు. అందుకే ఆయనకు ఏ లోటూ తెలియదు. ఏ మెడికల్‌లోనూ దొరకదు. కానీ బిడ్డకు ఇచ్చేటప్పుడు చూడండి.” మూత మారిన ఎర్ర పెన్నును, మారని నీలం పెన్నును పక్కపక్కన పెట్టింది. “ఇలా వెళితే బిడ్డకు తండ్రి నుంచి నీలం మూతలు రెండు, ఎర్ర మూత అసలు లేదు. ఆ గర్భం చాలావరకు నిలవదు. మారనివి రెండూ వెళ్ళినా, మారినవి రెండూ వెళ్ళినా బిడ్డ బాగానే ఉండొచ్చు. ఏది వెళుతుందన్నది ఎవరి చేతిలోనూ లేదు.”

“నాకు రోగమా డాక్టరమ్మా?” అన్నాడు మావాడు.

“కాదు. పుట్టుకతో వచ్చిన అమరిక. దీనికి మందు లేదు, అవసరం కూడా లేదు.”

“మరి హైదరాబాదుల మొదటి రకం పిండాలన్నరు గద?” అంది కోడలు.

“పైకి చూస్తే అలాగే కనిపిస్తాయమ్మా. లోపల మూతలు సరిగ్గా ఉన్నాయో లేదో పైకి చూస్తే తెలియదు.”

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. రెండుసార్లు ఆ పిల్ల కడుపు మీద సూదుల మీద సూదులు పొడిచారు. లోపల ఏముందో తెలియని పిండాలను పెట్టారు. నిలవకపోతే సంచిని తిట్టారు. ఇన్ని గర్భాలు పోయినదాని మొగుడి రక్తం ఒకసారి చూద్దామని ఆ చల్లటి గదుల్లో ఒక్కరికీ తోచలేదు. తోచినా, మగవాణ్ణి అడగడానికి మొహమాటపడ్డారో ఏమో! ఆడదాని దగ్గర ఆ మొహమాటం ఎక్కడికి పోయింది?

నేను ఇంకా మనసులోనే అరుస్తుండగా డాక్టరమ్మ నా వైపు చూసింది. “పెద్దయ్యా, మీవి కూడా ఇలాగే మారి ఉన్నాయి. అబ్బాయికి మీ నుంచే వచ్చింది. అమ్మది మామూలుగా ఉంది.”

పందెం ఓడిపోయానని నవ్వబోయాను. నవ్వు రాలేదు, ఎందుకంటే మా ముసలామె నవ్వలేదు. ఆమె బల్ల మీది పెన్నులనే చూస్తోంది.

“మరి నాకు పోయినయి? వీడు పుట్టకముందు మూడు పోయినయి.”

“అప్పటివి ఇప్పుడు కచ్చితంగా చెప్పలేమమ్మా. దీనివల్లే అయి ఉండొచ్చు.”

ఆ మూడింటి సంగతి కోడలికి తెలియదు. కొడుక్కి కూడా తెలియదు. మా ఇంట్లో వాటి గురించి మాట్లాడటం మా అవ్వ కాలంలోనే ఆగిపోయింది. డాక్టరమ్మ ఇంకా చెప్పింది. మళ్ళీ ప్రయత్నిస్తే మంచి జత పడొచ్చు. పిండాన్ని లోపల పెట్టకముందే దాని క్రోమోజోములు చూసే పద్ధతి పెద్ద నగరాల్లో కొన్నిచోట్ల ఉంది, దానికి కూడా పూచీ లేదు. ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు, పెంచుకోవచ్చు. “ఏదైనా వీళ్ళిద్దరే తేల్చుకోవాలి” అంది, మీరు కాదన్నట్టు నా వైపు వేలు చూపిస్తూ.

రెండు రోజుల తర్వాత కోరుట్లలో అక్క ఇంట్లో కూర్చున్నాం. గోడ వెంట కుర్చీలు, కుర్చీల్లో పెద్దమనుషులు, వాళ్ళ చేతుల్లో చాయ్. ఒక మూలన అక్క చూసిన పిల్ల తండ్రి, భుజాన తువ్వాలతో, కొత్తచోట కూర్చున్నట్టు ముడుచుకుని. కోడలు తలుపు దగ్గర ఆడవాళ్ళతో పాటు కింద కూర్చుంది. ఆమెను పంపించే మాట ఆమె ముందే మాట్లాడటం మావాళ్ళకు తప్పనిపించలేదు.

ఆ రోజు నేను సభల్లో నాయకులు మాట్లాడినట్టు గంటసేపు మాట్లాడానని, చివరికి పెద్దమనుషులు లేచి చప్పట్లు కొట్టారని సిరిసిల్లలో చాలామందికి చెప్పాను. వాళ్ళు నమ్మారు కూడా. జరిగింది ఇది. అక్క గొంతు సవరించుకుంటుండగా నేను లేచాను.

“అక్కా, తేడా నా కోడలు దిక్కు లేదు. నా కొడుకుల ఉన్నది. వానికి నా నుంచి అచ్చింది. జగిత్యాలల తేలింది.”

“ఏం మాట్లాడుతున్నవ్ తమ్మీ? మన రక్తంల తేడానా?”

“మన రక్తంలనే అక్కా. నీకు గూడ ఉండచ్చు.”

పెద్దమనుషుల్లో ఒకాయన చాయ్ కప్పు కింద పెట్టాడు. “గట్లెట్లయితదే? నీకు కొడుకు పుట్టలేదా? గా పిలగాడు మెడికల్ పాస్ గాలేదా?”

“పుట్టిండు” అంది వెనక నుంచి మా ముసలామె. ఆమె నిలబడి ఉంది. పెద్దమనుషుల ముందు ఆమె గొంతు విన్నది అదే మొదటిసారి. “మూడు పోయినంక పుట్టిండు. వదినా, నీ శ్రీమంతం నాడు నాకు రెండోది పోయి నెల గూడ కాలే. నా నీడ పడద్దని మీ అవ్వ అన్నది. నన్ను అర్రల బెట్టి గొళ్ళెం బెట్టింది నువ్వే. లోపట కూసోని మీ పాటలన్నీ విన్న. గది నా రక్తం తప్పు గాదట వదినా. మొన్న తెలిసింది నాకు.”

ఆ గొళ్ళెం సంగతి నాకు తెలుసా అని మీరు అడగొచ్చు. ఆ రోజు నేను విస్తళ్ళు వేస్తున్నాను. తలుపు చప్పుడు విన్నాను.

మూలన కూర్చున్న ఆ పిల్ల తండ్రి లేచాడు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి.

“ఆగుండ్రి జర. అంటే నా బిడ్డనిస్తే నా బిడ్డకు గూడ గిట్లనే పోతుండెనా?”

అతను కుర్చీలన్నిటినీ ఒకసారి కలియజూశాడు.

“పోయినంక నా బిడ్డను గూడ గీడ కింద కూసోబెట్టి, మీరు కుర్చీలల్ల కూసోని, చాయ్ తాక్కుంట ఎల్లగొడుదురా? పిల్లనడిగెటోల్లు ముందుగాల గిది సూపిచ్చుకోవద్దా? సిగ్గుండాలె.”

తువ్వాల దులిపి భుజాన వేసుకుని, చాయ్ ముట్టకుండా వెళ్ళిపోయాడు. అతని వెనకే పెద్దమనుషులు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు. ఒకాయన పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి “ఆ టెస్టు ఏడ జేస్తరన్నవ్?” అని గుసగుసగా అడిగాడు. వాళ్ళింట్లో కూడా ఒక కోడలు ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఇల్లు ఖాళీ అయ్యాక మావాడు భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “నడువు, పోదాం” అన్నాడు.

“జరాగు” అని ఆమె లేచి కొంగు సర్దుకుని మా అక్క ముందుకు వెళ్ళింది. కొడతుందేమో అనుకున్నాను. కొడితే చూడాలని కూడా కొంచెం అనుకున్నాను.

“పెద్దత్తా, మా ఇంటికి రాండ్రి. పండుగకు రాండ్రి, ఉట్టిగ రాండ్రి, నాల్గు దినాలుండి అన్నం దినుండ్రి. కని తలుపుకాడ నిలవడి ‘ఏమన్న విశేషమున్నదా’ అని అడిగితిరా, అవ్వతోడు, లోపటికి రానియ్య. ఉంటే మేమే జెప్తం. లేకుంటే లేదు.”

అక్క వంగి చాయ్ కప్పులు ఏరుకోవడం మొదలుపెట్టింది. “అడుగ తియ్” అంది.

ఇది చదువుతున్న మీ నాలుక చివరన కూడా ఆ ప్రశ్నే ఉందని నాకు తెలుసు. తర్వాత ఏమైంది, నిలిచిందా, పుట్టారా, ఏ దారిన పోయారు అని. ఆ ఇంట్లోనే ఉంటున్నవాణ్ణి, నాకు తెలియకుండా ఉంటుందా? ఒకప్పటి నేనైతే చెప్పేవాణ్ణి, జరిగినదానికి రెండింతలు పెంచి కూడా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. ఆ తలుపు మా కోడలిది.